ఐరాస కొలువా, విశ్వవిద్యాలయమా? సుస్థిరాభివృద్ధి విధాన రంగంపై మీ ప్రశ్నలు

2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలను ఆమోదించాక వాటి చుట్టూ చదువులు, కొలువులు, పరిశోధనలు చాలానే పుట్టుకొచ్చాయి. ఈ రంగంలో అధ్యాపకులుగా, పరిశోధకులుగా స్థిరపడటం ఎలా అని అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఇవి జవాబులు. నలుగురైదుగురు ఒకటే అడిగిన చోట ఒకే ప్రశ్నగా కలిపేశాం.

బాపట్లలో బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాది చదువుతున్నాను. ఐక్యరాజ్యసమితిలో సుస్థిరాభివృద్ధి మీద పనిచేయాలని కోరిక. ఏ పీజీ చేయాలి? పీహెచ్‌డీ తప్పనిసరా?
– విద్యార్థిని, ఏలూరు జిల్లా

మీ ప్రశ్నలో రెండు దారులు కలిసిపోయాయి. ఐరాసలో ఉద్యోగం చేయడం ఒకటి. విశ్వవిద్యాలయంలోనో పరిశోధన సంస్థలోనో ఉండి, ఐరాస తీసుకునే నిర్ణయాలకు ఆధారాలు సమకూర్చడం ఇంకొకటి. ఒక దారిలో కూడబెట్టింది రెండో దారిలో కొంతే చెల్లుతుంది.

ఐరాస సచివాలయంలో ప్రొఫెషనల్ కొలువులకు పీ-2, పీ-3, పీ-4 అని మెట్లుంటాయి. పీజీ ఉన్నవాళ్లకు మామూలుగా పీ-2కి 2 ఏళ్లు, పీ-3కి 5 ఏళ్లు, పీ-4కి 7 ఏళ్ల పని అనుభవం అడుగుతారు. డిగ్రీ మాత్రమే ఉంటే ఇంకో 2 ఏళ్లు కలపాలి. పీహెచ్‌డీ కచ్చితంగా కావాలనే ప్రకటనలు తక్కువే. పీహెచ్‌డీలో గడిపిన ఏళ్లన్నీ అనుభవం కింద లెక్కకొస్తాయని కూడా అనుకోవద్దు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. తొలి మెట్టు కొలువులకు ఐరాస పెట్టే యంగ్ ప్రొఫెషనల్స్ పరీక్షకు 32 ఏళ్ల వయోపరిమితి ఉంది. దానికి ఏ దేశాల వాళ్లు అర్హులో ఏటా జాబితా మారుతుంది. సన్నద్ధం కావడానికి ముందే ఆ ఏటి జాబితాలో భారత్ ఉందో లేదో చూసుకోండి. సచివాలయం ఇంటర్న్‌షిప్‌కు జీతం ఇవ్వదు, న్యూయార్క్‌లోనో జెనీవాలోనో ఇంటద్దె మీరే కట్టుకోవాలి. నియామకంలో ఏ దశలోనూ ఐరాస రుసుము తీసుకోదు. ఎవరైనా అడిగితే అది మోసమే.

అధ్యాపక దారి పట్టాలంటే పీహెచ్‌డీ లేకుండా ఎక్కువ దూరం పోలేరు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం వస్తే నేరుగా పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హత ఉంది. అయినా ముందు పీజీ చేయమనే మా సలహా. పరిశోధన పద్ధతులు, గణాంకాలు ఒంటబట్టేది అప్పుడే.

ఇక ఏ పీజీ అన్నది. కోర్సు పేరులో ‘సుస్థిరాభివృద్ధి’ ఉందా లేదా అన్నది పక్కన పెట్టండి. మీకైతే వ్యవసాయ అర్థశాస్త్రం బాగా నప్పుతుంది. కారణం సాదాసీదా: మన దేశంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులు శాఖలవారీగా పడతాయి. అర్థశాస్త్రం, పర్యావరణ శాస్త్రం, ప్రభుత్వ పాలన వంటి సబ్జెక్టులకు అధ్యాపక అర్హత పరీక్ష నెట్ ఉంది, సుస్థిరాభివృద్ధి పేరుతో లేదు. పేరు కొత్తగా ఉన్న పీజీతో వెళితే ‘సంబంధిత సబ్జెక్టు కాదు’ అని స్క్రూటినీలోనే పక్కన పెట్టేస్తారు. ఒక సబ్జెక్టు గట్టిగా పట్టుకోండి, సుస్థిరాభివృద్ధిని దానికి పనిచేసే రంగంగా చూడండి.

‘ప్రకృతి వ్యవసాయం – సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు’ అని పీహెచ్‌డీ సినాప్సిస్ ఇచ్చాను. చాలా విస్తృతంగా ఉందని గైడ్ రెండుసార్లు తిప్పి పంపారు. ఎలా కుదించాలి?
– రీసెర్చ్ స్కాలర్, విశాఖపట్నం

మీ గైడ్‌గారు చెప్పింది సబబే. అది సినాప్సిస్ శీర్షికలా లేదు, సెమినార్ బ్యానర్‌లా ఉంది. 17 లక్ష్యాల కింద 169 టార్గెట్లు, వాటి కింద సూచికలు ఉంటాయి. పరిశోధనకు పట్టు దొరికేది సూచిక దగ్గర. ఒకటి తీసుకుని లోపలికి దిగండి.

మీ అంశానికి దగ్గరిది 2.4.1. మొత్తం వ్యవసాయ భూమిలో ఉత్పాదకత, సుస్థిరత రెండూ ఉన్న సాగు ఎంత శాతం భూమిలో జరుగుతోంది అన్నదాన్ని ఇది కొలుస్తుంది. బాధ్యత రోమ్‌లోని ఆహార వ్యవసాయ సంస్థది. దీనిలో 11 ఉపసూచికలు ఉన్నాయి: హెక్టారుకు దిగుబడి విలువ, నికర ఆదాయం, నష్టాన్ని తట్టుకునే ఏర్పాట్లు, నేల క్షీణత, నీటి లభ్యతలో హెచ్చుతగ్గులు, ఎరువుల వాడకం, పురుగుమందుల వాడకం, జీవవైవిధ్యానికి తోడ్పడే పద్ధతులు, కూలి రేటు, ఇంట్లో తిండికి లోటు, భూమిపై హక్కు. ప్రతి కమతానికి ఒక్కోదానిలో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో ఒకటి పడుతుంది. ఆకుపచ్చ, పసుపు కలిపిన విస్తీర్ణం ఈ 11లో ఎక్కడ అతి తక్కువగా ఉందో, దేశం మొత్తం అంకె అదే అవుతుంది. తక్కిన పదీ బాగున్నా ఒక్కటి కిందికి లాగేస్తుంది.

ఇప్పుడు దీన్ని మన ఊళ్లో పెట్టి చూడండి. నోటిమాట కౌలుకు మూడెకరాలు తీసుకుని ఘనజీవామృతంతో సాగు చేస్తున్న రైతుకు ఎరువుల దగ్గర, మందుల దగ్గర ఆకుపచ్చ పడుతుంది. భూమిపై హక్కు దగ్గర ప్రశ్నలు నాలుగు. భూమికి అధికారిక పత్రం ఉందా? అందులో మీ పేరుందా? అమ్మే హక్కుందా? వారసులకు ఇచ్చే హక్కుందా? నాలుగింటికీ ఆయన జవాబు ‘లేదు’. అంటే ఎరుపు. తప్పు సాగులో ఉందా, కౌలు తీరులో ఉందా? ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే 11 నెలల కార్డును ‘అధికారిక పత్రం’గా లెక్కిస్తే ఆ రంగు మారుతుందా? ఇదీ సినాప్సిస్. రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో అంతర్జాతీయ గుల్బెంకియన్ బహుమతి వచ్చాక దాని దిగుబడుల మీద రాస్తామనే వాళ్లు చాలామంది ఉంటారు. కొలిచే కొలతనే పరీక్షించేవాళ్లు తక్కువ. మీకు చోటు అక్కడుంది.

ఇక క్షేత్ర పని. ఒక్కరు మూడేళ్లలో చేయగలిగింది రెండు మండలాలు, 240 కుటుంబాలు. సొంత రైతులు సగం, కౌలు రైతులు సగం. ఖరీఫ్ కోత తర్వాత ఒకసారి, రబీ తర్వాత ఇంకోసారి అడగాలి. కౌలు రైతుల పూర్తి జాబితా ఏ ఆఫీసులోనూ దొరకదు. ఊరికి రెండు రోజులు పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మీరే రాసుకోవాలి, ఆ పని ఎగ్గొడితే శాంపిల్‌కు విలువ లేదు. ముందు 20 ఇళ్లలో ప్రశ్నావళిని పరీక్షించండి. 45 నిమిషాలు దాటితే ప్రశ్నలు కొట్టేయండి, గంట దాటాక రైతు నోటికొచ్చిన అంకె చెబుతాడు. ఫోన్‌లో సర్వేలకు వాడే కోబో టూల్‌బాక్స్ చాలు, పైసా ఖర్చు లేదు. విశ్వవిద్యాలయం ఎథిక్స్ కమిటీ అనుమతి సర్వే మొదలుకాక ముందే చేతికి రావాలి.

చెడిపోయే చోట్లు మామూలుగా ఇవి. భూయజమాని అరుగు మీద కూర్చుని కౌలు గురించి అడగడం. ‘కౌలు ఎకరాకు 20 బస్తాలు’ అన్నది రాసుకుని బస్తా ఎన్ని కిలోలో అడగడం మరచిపోవడం. అలాగే ఎకరాలు, సెంట్లు, హెక్టార్లు ఒకే కాలమ్‌లో పడేయడం. హెక్టారు 2.47 ఎకరాలు. ఈ ఒక్క పొరపాటుతో దిగుబడి రెండున్నర రెట్లు పెరిగినట్టు కనిపించగలదు.

మా అమ్మాయికి యూరప్‌లో పీహెచ్‌డీ చేయాలని ఉంది. పొలం తాకట్టు పెట్టాలా అని ఇంట్లో తర్జనభర్జన.
– తండ్రి, గుంటూరు

పీహెచ్‌డీకి పొలం జోలికి వెళ్లకండి. నెదర్లాండ్స్, స్వీడన్‌లలో పీహెచ్‌డీ విద్యార్థి చాలావరకు విశ్వవిద్యాలయ ఉద్యోగే, నాలుగేళ్ల పాటు నెల జీతం వస్తుంది. జర్మనీలో కూడా ప్రాజెక్టు పోస్టులకు జీతం ఉంటుంది. అందుకే వాటిని ‘అడ్మిషన్లు’ విభాగంలో వెతికితే దొరకవు, ‘ఖాళీలు’ విభాగంలో ఉంటాయి. సీటిచ్చి ఫీజు మీరే కట్టుకోండి అంటే, ఆ సీటును వదిలేయమనే మా సలహా.

ఖర్చంతా మాస్టర్స్ దగ్గర. ఐరోపా సంఘం ఇచ్చే ఎరాస్మస్ ముండుస్ ఉపకారవేతనం వస్తే ఫీజు ఉండదు, పైగా నెలకు 1,400 యూరోలు. జర్మనీలోని విద్యా వినిమయ సంస్థ డాడ్ ఇచ్చే అభివృద్ధి కోర్సుల స్కాలర్‌షిప్‌కు డిగ్రీ తర్వాత కనీసం 2 ఏళ్ల పని అనుభవం ఉండాలి, డిగ్రీ అయి 6 ఏళ్లు దాటకూడదు. బ్రిటన్ చీవ్‌నింగ్‌కు 2,800 గంటల అనుభవం చూపాలి. అంటే చదువు అయిన మర్నాడే ఎగిరిపోదామనుకునే వాళ్లకు ఈ రెండూ అందవు.

తెలంగాణ ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది. ఎస్సీలు, భూమిలేని వ్యవసాయ కూలీల కుటుంబాల వారికి కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మాస్టర్స్‌కు, పీహెచ్‌డీకి కూడా వర్తిస్తుంది. ఒక మెలిక మాత్రం ముందే చూసుకోవాలి. 2022లో మార్చిన మార్గదర్శకాల ప్రకారం భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధనలకు ఈ డబ్బు రాదు. పై ప్రశ్నలోని కౌలు అంశం లాంటిది రాస్తే దరఖాస్తు అక్కడే ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఫ్రెంచ్ నేర్చుకోవాలా?
– చాలామంది

ఐరాస అధికార భాషలు ఆరు: అరబిక్, చైనీస్, ఇంగ్లిష్, ఫ్రెంచ్, రష్యన్, స్పానిష్. పశ్చిమ ఆఫ్రికా మీద పనిచేయదలిస్తే ఫ్రెంచ్ లేకుండా కుదరదు. కాకపోతే, అధ్యాపక దారికి ఆ గంటలను ముందు ఆర్‌కో స్టేటాకో (గణాంకాల సాఫ్ట్‌వేర్లు) కేటాయించండి, తర్వాత మ్యాపుల కోసం క్యూజీఐఎస్. పదాల కన్నా పట్టికలు ముందు పనికొస్తాయి.

డిగ్రీ కళాశాలలో పర్యావరణ శాస్త్రం చెబుతున్నాను. వయసు 41. అంతర్జాతీయ స్థాయి పనిలో పాలు పంచుకునే వీలు ఇంకా ఉందా?
– అధ్యాపకుడు, హనుమకొండ

ఉంది. వయసుతో, హోదాతో పనిలేని ద్వారం ఒకటుంది. వాతావరణ మార్పులపై 1988లో ఏర్పడిన అంతర్ ప్రభుత్వ సంఘం ఐపీసీసీ తన నివేదికల ముసాయిదాలను బయటి నిపుణుల సమీక్షకు పెడుతుంది. ఎవరూ మిమ్మల్ని నామినేట్ చేయనక్కర్లేదు. మీ నైపుణ్యం ఏమిటో మీరే ప్రకటించుకుని ఆన్‌లైన్‌లో నమోదు కావచ్చు. డబ్బివ్వరు. నివేదిక అనుబంధంలో సమీక్షకుల జాబితాలో పేరు పడుతుంది.

అధ్యాయం, పేజీ, మొదటి లైను, చివరి లైను, వ్యాఖ్య అని కాలమ్‌లు ఉన్న పట్టిక ఇస్తారు. ముసాయిదా అంతా చదవాలని కూర్చోకండి. మీకు పట్టున్న ఒక్క సెక్షన్ తీసుకుని పది వ్యాఖ్యలు రాయండి. ‘దక్కన్ గురించి ఇంకా రాయాలి’ అంటే రచయితలు ‘చోటు చాలదు’ అని ఒక్క ముక్కలో తోసిపుచ్చుతారు. ‘ఈ పేజీ 14వ లైనులో చెరువుల పునరుద్ధరణతో భూగర్భజలం పెరుగుతుందని అన్ని చోట్లకూ వర్తించేట్టు రాశారు, రాతి నేలల్లో ఇలా కాదని చూపిన వ్యాసం ఇదిగో’ అంటే కుదరదని సులువుగా అనలేరు. ప్రతి వ్యాఖ్యకూ రచయితలు జవాబు రాయాలి, చివరికి అవన్నీ బయటపెడతారు. ఆరో నివేదికలో మొదటి కార్యబృందం ఒక్కదానికే 78,000 పైచిలుకు వ్యాఖ్యలు వచ్చాయి. ముసాయిదాను ఎవరికీ పంపకూడదు, ఎక్కడా ఉటంకించకూడదు. స్టాఫ్ రూమ్ వాట్సాప్ గ్రూపులో పెట్టినా అది ఉల్లంఘనే.

రచయితగా ఎంపిక కావడం వేరు. ఆ పేర్లను ప్రభుత్వాలు, గుర్తింపు పొందిన పరిశీలక సంస్థలు పంపిస్తాయి, మన దేశంలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ. దానికి అచ్చయిన వ్యాసాలు చూస్తారు.

‘ప్రత్యేక సంచికకు మీ వ్యాసం ఆహ్వానిస్తున్నాం, మూడు వారాల్లో ప్రచురణ’ అంటూ రోజూ మెయిళ్లు. రుసుము కట్టవచ్చా?
– పీహెచ్‌డీ విద్యార్థి, తిరుపతి

మూడు వారాల్లో నిజమైన సమీక్ష జరగడం చాలా అరుదు. ఆ పత్రిక ఉచితంగా చదవగలిగే పత్రికల జాబితా డీఓఏజేలో ఉందా, పరిశోధన పత్రికల సూచీ స్కోపస్‌లో ఇప్పటికీ కొనసాగుతోందా అని రెండూ చూడండి. ‘ఒకప్పుడు ఉండేది’ అన్నది చెల్లదు. సంపాదకవర్గంలో ఇద్దరి పేర్లు తీసుకుని, వాళ్ల విశ్వవిద్యాలయ పేజీల్లో ఈ పత్రిక పేరు కనిపిస్తుందేమో వెతకండి. యూజీసీ-కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో ఆపేశారు కాబట్టి ‘కేర్‌లో ఉంది’ అని ప్రకటించుకునే పత్రికను ఆ ఒక్క మాటతో నమ్మకండి.

రుసుము లేని దారులు ఉన్నాయి. పెద్ద పత్రికల్లో చాలావరకు చందా పద్ధతిలో ఉచితంగానే వేస్తాయి, సబ్మిట్ చేసేటప్పుడు ‘ఓపెన్ యాక్సెస్’ గడిని ఎంచుకోకుండా ఉంటే చాలు. ముంబయి నుంచి వచ్చే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ కూడా రచయితల దగ్గర డబ్బు తీసుకోదు. చదవడానికైతే 2025 జనవరి నుంచి ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు 13,000 పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. మీ కళాశాల అందులో నమోదైందో లేదో లైబ్రేరియన్‌ను అడగండి.

వాతావరణ సదస్సుకు, అదే కాప్‌కు ‘డెలిగేట్ పాస్’ ఇప్పిస్తామని ఒక ఏజెన్సీ లక్షకు పైగా అడుగుతోంది.
– విద్యార్థి, కరీంనగర్

ఇవ్వకండి. వ్యక్తులు నేరుగా నమోదు కాలేరు. ముందే గుర్తింపు పొందిన సంస్థ తన కోటాలో మీ పేరు పంపాలి, బ్యాడ్జీకి ఐరాస డబ్బు తీసుకోదు. పరిశోధన సంస్థలకు రింగో అని విడిగా ఒక వర్గమే ఉంది. మీ విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఉందేమో చూడండి. చర్చలు జరిగే బ్లూ జోన్‌కే బ్యాడ్జీ కావాలి. గ్రీన్ జోన్ ఫొటోతో రెజ్యూమె బరువెక్కదు.

నెదర్లాండ్స్‌లో పోస్ట్‌డాక్ ముగుస్తోంది. హైదరాబాద్ వచ్చి ఐరాస సంస్థలకు కన్సల్టెంట్‌గా పనిచేస్తూ పరిశోధన కొనసాగించవచ్చా?
– వాగెనింగెన్ నుంచి ఒక పాఠకురాలు

చేయవచ్చు, కానీ లెక్క సరిగ్గా వేసుకోండి. కన్సల్టెంట్‌కు పింఛను, సెలవులు, వైద్యం ఉండవు. డబ్బు నెలవారీగా రాదు, నివేదిక ఆమోదం పొందాక వస్తుంది. ఒప్పందంలో ‘ముసాయిదా అందజేసినప్పుడు’ కొంత వాటా వచ్చేలా రాయించుకోండి. ‘తుది ఆమోదం’ మీద మొత్తం పెడితే ఎదుటి అధికారి బదిలీ అయిన రోజున మీ డబ్బు ఆగిపోతుంది. ఏడాదికి 120 నుంచి 140 బిల్లు అయ్యే రోజులు దొరికితే బాగా దొరికినట్టే. రోజు రేటును 22తో గుణించి నెల జీతం అనుకోకండి. ఐరాస ఉద్యోగులకు ఉన్న పన్ను మినహాయింపు కన్సల్టెంట్లకు కూడా వస్తుందని ధీమా పడవద్దు. పన్ను ముందే కోసి ఇవ్వరు కాబట్టి జూన్ 15, సెప్టెంబరు 15, డిసెంబరు 15, మార్చి 15 వాయిదాల్లో అడ్వాన్స్ టాక్స్ మీరే కట్టాలి. చార్టర్డ్ అకౌంటెంట్‌ను తొలి చెక్కుకు ముందే కలవండి.

విదేశీ గ్రాంటుతో వస్తుంటే, చేరబోయే సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు ఉందా అన్నదే మొదటి ప్రశ్న. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తీసుకున్న విదేశీ నిధిని మరో సంస్థకు బదిలీ చేయకూడదు, పరిపాలన ఖర్చు 20 శాతం మించకూడదు. మీ జీతాన్ని పరిపాలన ఖర్చు కింద చూపిస్తే బడ్జెట్ అక్కడే తేలిపోతుంది. పరిశోధన ఖర్చుగా చూపించదగ్గ పోస్టేనా అని ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి.

పీహెచ్‌డీ ఫలితాలతో పాలసీ బ్రీఫ్ రాసి వ్యవసాయ శాఖకు పంపాను. ఉలుకూ పలుకూ లేదు. ఎక్కడ తప్పాను?
– పరిశోధకుడు, అనంతపురం

మీరు జతపరిచిన బ్రీఫ్ చూశాం. 11 పేజీలు, అందులో మొదటి నాలుగు సాహిత్య సమీక్ష. సిఫార్సులు చివరి పేజీలో 14 ఉన్నాయి. చదవాల్సిన అధికారి బల్లమీద ఆ రోజుకు ఇంకో 30 ఫైళ్లుంటాయి.

రెండు పేజీలు, 900 పదాలు, ఒక పట్టిక, ఒక్క సిఫార్సు. ఎవరు, ఏది, ఎప్పటిలోగా చేయాలో మొదటి పేరాలోనే రావాలి. మీరు ‘కౌలు రైతుల సమస్యలపై ప్రభుత్వం దృష్టి సారించాలి’ అని రాశారు. దాన్ని కాదనేవారు లేరు, అందుకే దాని మీద చేయాల్సిన పని కూడా ఏమీ ఉండదు. దాని బదులు ఇలా రాసి చూడండి: ‘భూయజమాని సంతకం దొరక్క ఆగిన సాగుదారు కార్డు దరఖాస్తుల లెక్కను రైతు సేవా కేంద్రాలవారీగా జూన్ 30లోగా కమిషనర్ కార్యాలయం తెప్పించుకోవాలి.’ దీనికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు, కొత్త చట్టం అక్కర్లేదు, ఒక మెమో చాలు. సంబంధిత జీవో నంబరు, సెక్షన్ రాస్తే ఫైలు ఏ సెక్షన్‌కు పోవాలో కింది ఉద్యోగికి తెలుస్తుంది. డబ్బు కావాల్సిన సిఫార్సు అయితే ఎంత, ఏ పద్దు కింద అన్నది తప్పనిసరి.

ఫిబ్రవరిలో పంపారు, అప్పటికి బడ్జెట్ అంకెలు దాదాపు ఖరారైపోతాయి. డబ్బు అడిగేది సెప్టెంబరు – నవంబరు మధ్య చేరాలి. సర్వే చేసిన ఊళ్లకూ మండల వ్యవసాయాధికారికీ అదే విషయం తెలుగులో ఒక్క పేజీ ఇవ్వండి. పైనుంచి ‘ఇది నిజమేనా’ అని ఫోన్ వచ్చేది ఆ అధికారికే.